వెనక వరుస ముఖాలకూ ఫోకస్



అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న వస్తువు గురించి ఈ పూట మాట్లాడుకుందాం. పెద్ద ఫార్మాట్ కెమెరాతో ఫోటో తీసేవాళ్లు నల్లగుడ్డ ముసుగేసుకుని, కెమెరా వెనకుండే గరుకు అద్దానికి ఒక భూతద్దం ఆనించి ఫోకస్ సరిచూసుకుంటారు. ఆ భూతద్దాన్నే ఫోకసింగ్ లూప్ అంటారు. కెమెరా, లెన్సు, ఫిల్ము కొనేటప్పుడు పదిమందిని అడిగి కొనేవాళ్లు కూడా లూప్ దగ్గరికొచ్చేసరికి చేతికి దొరికినది తీసుకుంటారు. ఎన్ని ఎక్కువ రెట్లు పెద్దదిగా చూపిస్తే అంత మంచిదనుకుంటారు. అది సరికాదు. లూప్ ఎంచుకునే ముందు మనల్ని మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ నెగెటివ్ నుంచి ఎంత పెద్ద ప్రింటు తీయబోతున్నాను? నా కంటిచూపు ఎలాంటిది? ఈ లూప్ గరుకు అద్దంలో ఏ పక్కను చూపిస్తోంది? వీటికి జవాబు తెలిస్తే సాదా లూప్‌తోనూ పని సాగుతుంది. తెలియకపోతే ఎంత ఖరీదు పెట్టినా అక్కరకు రాదు.

ముందు కెమెరా సంగతి చెప్పాలి. పెద్ద ఫార్మాట్ అంటే ఫిల్ము చుట్ట కాదు, విడివిడి షీట్లు. 4×5 అంగుళాలు, 5×7, 8×10 అని కొలతలు. మన స్టూడియోల కాలంలో హాఫ్ ప్లేట్, ఫుల్ ప్లేట్ అనేవాళ్లు. ఫుల్ ప్లేట్ అంటే ఆరున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర. ముందు లెన్సు, వెనక గరుకు అద్దం, రెండింటి నడుమ మడతల తోలుతిత్తి, అంటే బెల్లోస్. లెన్సు తెరిస్తే ఎదురుగా ఉన్నదంతా ఆ అద్దం మీద తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై వాలుతుంది. దాన్ని చూస్తూ లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి ఫోకస్ కుదురుస్తాం. తర్వాత షటర్ మూసి, ఫిల్ము హోల్డరు దూర్చి, ఫిల్మును కప్పే స్లైడు లాగి, అప్పుడు ఫోటో తీస్తాం. ఇక్కడ కెమెరా మన తరఫున ఏమీ నిర్ణయించదు. అద్దం మీద మన కన్ను ఒప్పుకున్నదే ఫిల్ము మీదికి వెళుతుంది.

ఈ పనికి మన తెలుగు నేలలో పెద్ద చరిత్రే ఉంది. లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా పనిచేసి, 1894లో రాజా బిరుదు అందుకున్నారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ కాలపు ఆల్బుమెన్ కాగితాన్ని నెగెటివ్ కింద పెట్టి ఎండలో ప్రింటు వేసేవాళ్లు. ప్లేటు ఎంతుంటే ప్రింటూ అంతే. దీన్నే కాంటాక్టు ప్రింటు అంటారు. తర్వాతి కాలంలో చిన్న ఊళ్ల స్టూడియోలకు కూడా చెక్క కెమెరాలు చేరాయి. 1940లలో కేరళలోని అలెప్పీలో తయారైన వాగీశ్వరి కెమెరా దక్షిణాది స్టూడియోల్లో పేరున్న సరుకు.

ఆ కెమెరాకు అసలు పరీక్ష గ్రూప్ ఫోటో. మదనపల్లెలో అనీబిసెంట్ పూనికతో 1915లో దివ్యజ్ఞాన కళాశాల మొదలైంది. అలాంటి కాలేజీల్లో, హైస్కూళ్లలో ఏడాది చివర గ్రూప్ ఫోటో ఒక పండగలాగే జరిగేది. నేల మీద చిన్నవాళ్లు, కుర్చీల్లో అయ్యవార్లు, వాళ్ల వెనక నిలబడ్డవాళ్లు, అందరికన్నా వెనక బెంచీలెక్కినవాళ్లు.

ఆ ఫోటోను కొలతల్లో చూడండి. ఫుల్ ప్లేట్ అడ్డంగా సుమారు 216 మిల్లీమీటర్లు. ఒక వరుసలో ఇరవై మంది నిలబడితే మనిషికి పది మిల్లీమీటర్ల చోటు వస్తుంది. ముఖం అయిదు మిల్లీమీటర్లకు మించదు. కన్ను అర మిల్లీమీటరు. ముందు వరుసకూ వెనక వరుసకూ మధ్య రెండు మూడు గజాల దూరం. ఈ లెక్కలో ఫోకస్ కుర్చీల వరుస మీద కూర్చుని, బెంచీల మీదివాళ్లు కాస్త మసకబారితే అద్దం మీద మామూలు కంటికి తెలియదు. అడుగు దూరం నుంచి మామూలు కన్ను పట్టగలిగే తేడా మిల్లీమీటరులో పదో వంతు. కాంటాక్టు ప్రింటు చేతిలో పట్టుకుని చూసేవాళ్లకూ అంతే కనిపిస్తుంది కాబట్టి, పాత స్టూడియో ఆయన ఒట్టి కంటితో కుదిర్చిన ఫోకస్ ఆ రోజుకు చాలింది. ఇవాళ అదే ప్రింటును మనవడు స్కాన్ చేసి, తెర మీద పెంచి, తాత ముఖం వెతుక్కుంటాడు. వెనక వరుసలోని తాత తేటగా దొరకాలంటే ఫోటో తీసిన రోజే ఎవరో అద్దానికి లూప్ ఆనించి ఆ వరుస చూసి ఉండాలి.

ఇక్కడే మొదటి ప్రశ్నకు జవాబుంది. మీ ప్రింటు నెగెటివ్ కన్నా ఎన్ని రెట్లు పెద్దదో, మీ లూప్ దాదాపు అన్ని రెట్లు చూపిస్తే చాలు. 4×5 నెగెటివ్ నుంచి 16×20 అంగుళాల ప్రింటు తీస్తే అది నాలుగు రెట్లు. నాలుగు రెట్ల లూప్‌లో తేటగా కనిపించినది ఆ ప్రింటు మీదా తేటగానే ఉంటుంది. 20×24 దాకా వెళ్లేవాళ్లకు అయిదారు రెట్లు. 8×10 నెగెటివ్ నుంచి కాంటాక్టు ప్రింటు మాత్రమే వేసేవాళ్లకు చదువుకునే భూతద్దమే సరిపోతుంది.

మరి పది రెట్లది కొంటే ఇంకా మంచిది కదా అంటారు. గరుకు అద్దానికి దాని సొంత గరుకు ఉంది. పది రెట్లు పెంచేసరికి ఆ గరుకు రవ్వరవ్వగా లేచి, బొమ్మ దాని వెనకపడిపోతుంది. ఇసుకలో వేలిముద్ర చూసినట్లుంటుంది. పైగా ఎన్ని రెట్లు పెరిగితే కనిపించే మేర అంత తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. గ్రూప్ ఫోటోలో పది రెట్ల లూప్ పెడితే ఒకటి రెండు ముఖాలే కంటికి అందుతాయి. పక్కవాళ్లతో పోల్చుకునే వీలుండదు. మంచి నాణ్యమైన గరుకు అద్దం ఉన్నవాళ్లు ఏడు రెట్ల దాకా వెళ్లొచ్చు. ఎక్కువమందికి నాలుగు నుంచి ఆరు రెట్ల మధ్య ఉన్నదే చేతికి అలవాటవుతుంది. పేరున్న కంపెనీలు ఈ పనికోసమే చేసినవి కూడా ఎక్కువగా ఈ చుట్టుపక్కలే ఉంటాయి. టోయో 3.6 రెట్లు, రోడెన్‌స్టాక్ 4 రెట్లు, ష్నైడర్ 4 రెట్లు, సిల్వెస్ట్రి 6 రెట్లు.

రెండో ప్రశ్న కన్ను. నలభై దాటినవాళ్లలో చాలామందికి దగ్గరి చూపు సడలుతుంది. ఎడంగా పట్టుకుంటే తప్ప పేపరు చదవలేని కన్ను గరుకు అద్దాన్నీ చదవలేదు. అందుకే లూప్‌కు తిప్పి సర్దుకునే మెడ ఉండాలి. దూరపు చూపు లోపం, దగ్గరి చూపు లోపం ఆ తిప్పడంతో సర్దుకుంటాయి. అయితే సిలిండర్ నంబరు, అంటే డాక్టరు చీటీలో యాక్సిస్ అని రాసే లోపం, లూప్ ఎంత తిప్పినా పోదు. అలాంటివాళ్లు కళ్లద్దాలు తీయకుండానే చూడాలి. కళ్లద్దాలతో చూసేవాళ్లు కన్ను కాస్త ఎడంగా ఉన్నా మేరంతా కనిపించే లూప్‌నే తీసుకోవాలి. కంటికి బాగా ఆనిస్తే తప్ప కనిపించని లూప్ వాళ్లకు పనికిరాదు.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. గరుకు అద్దానికి రెండు పక్కలు. మన వైపుది నున్నగా ఉంటుంది, లెన్సు వైపుది గరుగ్గా ఉంటుంది. బొమ్మ వాలేది గరుకు పక్క మీద. లూప్ ఆనేది నున్నటి పక్క మీద. మధ్యలో సుమారు రెండు మిల్లీమీటర్ల గాజు. లూప్ నున్నటి పక్కను తేటగా చూపిస్తుంటే బొమ్మ కొంత మసగ్గానే ఉంటుంది. లెన్సును ఎంత కదిపినా ఫోకస్ ఎక్కడ కుదిరిందో తేలదు, కన్ను అలసిపోతుంది. లూప్ శక్తి పెరిగేకొద్దీ ఈ తేడా బాగా ముదురుతుంది. అయిదు రెట్ల లూప్‌లో కన్ను ఓర్చుకున్న తేడా పది రెట్ల దాంట్లో నాలుగింతలవుతుంది.

సర్దుకునే పద్ధతి చెబుతాను. అద్దం చట్రం విప్పి, గరుకు పక్క మీద మెత్తటి పెన్సిలుతో మధ్యలో చిన్న ప్లస్ గుర్తు గీయండి. చట్రం మళ్లీ బిగించండి. కెమెరాను తెల్లటి ఆకాశం వైపు తిప్పి, ఫోకస్ పూర్తిగా చెదరగొట్టండి. బొమ్మేదీ లేకుండా తెల్లటి వెలుగే అద్దం మీద పడాలి. ఇప్పుడు లూప్ ఆనించి మెడ తిప్పండి. ముందు పెన్సిలు గీత కనిపిస్తుంది, ఇంకాస్త తిప్పితే ఆ గీత గరుకు మీద చుక్కచుక్కలుగా విరిగి కనిపిస్తుంది. గీత అంచూ గరుకు రవ్వలూ ఒకేసారి తేటపడిన చోట ఆపండి. కొన్ని క్షణాలు దూరంగా ఉన్న చెట్టును చూసి, మళ్లీ లూప్‌లోకి చూడండి. కన్ను ఏ ఒత్తిడీ లేకుండా గీతను పట్టుకుంటే సరిపోయినట్లే. అక్కడ మెడ చుట్టూ టేపు చుట్టేయండి. ఆ లూప్ ఇక మీ కంటికి, మీ కెమెరాకు చెందినది. వేరేవాళ్లు చూస్తే వాళ్లకు మళ్లీ సర్దాలి.

ఇక మన ఊళ్లలో దొరికే భూతద్దాల సంగతి. గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర కంటిగుంటలో ఇరికించుకునే నల్లటి అద్దం ఉంటుంది. అది గరుకు అద్దానికి ఆనదు కాబట్టి ఏ పక్కనైనా చూపించగలదు. కానీ నల్లగుడ్డ కింద తల నిలకడగా ఉంచడం కష్టం. తల కదిలితే ఫోకస్ చెదిరిందో, మనమే చెదిరామో తెలియదు.

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరు. నేత వ్యాపారంలో అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టడానికి మడతపెట్టే అద్దం ఒకటుంది. విప్పితే తనంతట తాను నిలబడుతుంది, అడుగున అంగుళం కొలత చదరపు కిటికీ ఉంటుంది. చాలా దేశాల్లో ఫోటోగ్రాఫర్లు దాన్నే ఫోకస్‌కు వాడుకున్నారు. తేలిక, చవక, జేబులో పడుతుంది. లోపం ఏమిటంటే దాని ఎత్తు బిగించి ఉంటుంది. బట్ట పైపక్కను చూడటానికే చేశారు. గాజు మందం దాటి గరుకు పక్కను చూడలేదు. తక్కువ రెట్లదైతే సర్దుకుపోవచ్చు. పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి నల్లగుడ్డ బాగా కప్పుకోవాలి.

స్లైడులు చూడటానికి చేసిన లూప్‌లకు అడుగున పారదర్శకమైన గొట్టం ఉంటుంది. స్లైడు మీద వెలుగు పడాలి కాబట్టి అక్కడ అది అవసరం. మనకు పక్క వెలుగు శత్రువు. ఆ గొట్టం చుట్టూ నల్ల టేపు వేస్తే పని జరుగుతుంది.

నేను అన్నిటికన్నా ముందు చెప్పేది మరొకటుంది. పాత ఫిల్ము ఎస్ఎల్ఆర్ కెమెరాలు చాలా స్టూడియోల బీరువాల్లో పడి ఉన్నాయి. షటర్ పాడైనా 50 మిల్లీమీటర్ల లెన్సు బాగానే ఉంటుంది. 250ని లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే రెట్లు వస్తాయి. అంటే 50 మిల్లీమీటర్ల లెన్సు అయిదు రెట్ల లూప్. అందులోని గాజు మార్కెట్లో దొరికే చాలా లూప్‌లకన్నా మేలైనది. ఫిల్ము ఉండాల్సిన పక్కను గరుకు అద్దం వైపు, ముందు పక్కను కంటి వైపు పెట్టాలి. మౌంటుకు నల్లటి దళసరి కాగితంతో గొట్టం చుట్టండి. గొట్టం పొడవు నాలుగున్నర సెంటీమీటర్లకన్నా రవ్వంత తక్కువ. అపర్చర్ రింగు పూర్తిగా తెరిచి ఉంచండి. లెన్సు ఫోకస్ రింగును ఇన్ఫినిటీ దగ్గరనుంచి కాస్త తిప్పితే గరుకు పక్క తేటపడుతుంది. సర్దుకునే మెడ కూడా దొరికినట్లే. గొట్టం అడుగున మెత్తటి గుడ్డ అంటించండి, అద్దం గీతలు పడకుండా.

ఇక ఆరుబయట పని. పుంగనూరు జమీందారుల ప్యాలెస్ లాంటి ఎత్తయిన కట్టడాన్ని తీయాలంటే కెమెరాను పైకి ఎత్తకూడదు, గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరపడతాయి. కెమెరాను నిటారుగా ఉంచి, లెన్సును పైకి జరపాలి. అప్పుడు గరుకు అద్దం మూలల్లో చీకటి కమ్ముకుంటుంది, మరీ ముఖ్యంగా 90 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్సుతో. కాంతి అక్కడికి ఏటవాలుగా వచ్చి, అదే వాలులో బయటికి పోతుంది. లూప్ నిటారుగా ఆనిస్తే కంటికి చేరదు. లూప్‌ను వాల్చి, లెన్సు వైపు గురిపెట్టినట్లు చూడాలి. అందుకు లూప్ అడుగు సన్నగా ఉండాలి, ఒళ్లు పొడుగ్గా ఉండాలి. వెడల్పు అడుగున్నది వాలదు, పొట్టిది చట్రం అంచుల్లోకి చేరదు. వాల్చడానికే వీలుగా చేసిన లూప్‌లూ ఉన్నాయి. కట్టడాలు ఎక్కువగా తీసేవాళ్లకు అవి బాగా పనికొస్తాయి. మూలల వెలుగు పెంచడానికి కొందరు ఫ్రెనెల్ అద్దం పెడతారు. మంచిదే, కానీ దాని వలయాలు ఎక్కువ రెట్ల లూప్‌లో కళ్లకు అడ్డం పడతాయి. ఇది కూడా నాలుగు రెట్ల వైపే మొగ్గడానికి ఒక కారణం.

పుంగనూరు ఆవును తీయాలనుకునేవాళ్లకు ఒక మాట. ఈ పొట్టి జాతిని కాపాడే పశు పరిశోధనా కేంద్రం పలమనేరులో ఉంది. మూడు మీటర్ల దూరంలో నిలబడి, 210 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్/8 దగ్గర తీస్తే తేటగా ఉండే లోతు సుమారు 30 సెంటీమీటర్లే. మూతి నుంచి చెవి దాకా సరిపోతుందంతే. లూప్‌తో చూడాల్సింది కంటి రెప్ప వెంట్రుకలు. ఆవును పలుపు కురచ చేసి కట్టించి, దాని కాలు పక్కన నేల మీద ఒక రాయి గుర్తు పెట్టుకోండి. షటర్ మూసి, హోల్డరు పెట్టి, స్లైడు లాగాక అద్దం కనిపించదు. ఆవు ఇంకా గుర్తు దగ్గరే ఉంటేనే షటర్ నొక్కండి.

కుప్పం దగ్గర కంగుంది కొండ, మదనపల్లె పక్కన నాలుగు వేల అడుగులకు మించిన హార్స్‌లీ హిల్స్ అంటే ముందు బండరాయి, వెనక కొండ. ఇక్కడ లూప్ తీరిగ్గా తిరగాలి. లెన్సు పూర్తిగా తెరిచి, దగ్గరి రాతి మీది పెచ్చు తేటపడినచోట కెమెరా పట్టాల మీద పెన్సిలు గుర్తు పెట్టండి. తర్వాత కొండ అంచు తేటపడినచోట మరో గుర్తు. రెండు గుర్తుల నడుమ సగంలో లెన్సు ఆపండి. ఆ ఎడం నాలుగు మిల్లీమీటర్లయితే, మసక మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదనే లెక్కన ఎఫ్/22 దగ్గర రెండు కొసలూ తేటపడతాయి. మరింత పెద్ద ప్రింటు కావాలంటే ఇంకో స్టాపు మూయండి. లూప్ సరిగ్గా సర్ది లేకపోతే ఆ రెండు గుర్తులూ తప్పే, సగమూ తప్పే. బెల్లోస్ వెనక అద్దం దగ్గర జరిగే అరమిల్లీమీటరు తేడా కొండ దగ్గర ఎంతో దూరం అవుతుంది.

దుకాణంలో లూప్ కొనేటప్పుడు వెంట గ్రాఫు కాగితం ముక్క తీసుకెళ్లండి. లూప్ ఆనించి చూస్తే మధ్య గళ్లూ అంచు గళ్లూ రెండూ తేటగా ఉండాలి. మధ్య తేటగా ఉండి అంచు వంకరపోతే వాల్చినప్పుడు అది మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. నల్ల గీతకు ఒకపక్క ఎరుపు, ఒకపక్క నీలం అంచు కనిపిస్తే వద్దనండి. తర్వాత ఆ కాగితం మీద రెండు మిల్లీమీటర్ల గాజు ముక్క పెట్టి, గాజు మీద లూప్ ఆనించి, మెడ తిప్పితే గళ్లు మళ్లీ తేటపడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే అది మన పనికి రాదు. ఈ చివరి పరీక్ష ఒక్కటి చేసినా డబ్బు వృథా కాదు.

ఫిల్ము షీటు ఖరీదైన వస్తువు. ఒక్కో షీటుకూ ఒక్కటే అవకాశం. గుంపులో ఉన్న మనుషులకు కూడా అంతే. అందరూ మళ్లీ ఒకచోట కూడరు. కుర్చీలో కూర్చున్న హెడ్మాస్టరుకు ఎంత హక్కుందో, బెంచీ మీద చివర నిలబడ్డ అటెండరుకు కూడా ఆ ఫోటోలో తేటగా కనిపించే హక్కు అంతే ఉంది. అద్దం మీద మూల నుంచి మూలకు లూప్ జరిపి, ప్రతి వరుసా చూసి, అప్పుడు షటర్ నొక్కడమే ఆ హక్కును నిలబెట్టడం. నేను ఈ పనిని ఇంతగా పట్టించుకునేది అందుకే.

మన ఊళ్ల స్టూడియోల్లో అటకెక్కిన చెక్క కెమెరాలు ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లను అడిగి దించండి. బెల్లోస్‌కు చిల్లులున్నాయేమో చీకటి గదిలో టార్చి వేసి చూడండి. గరుకు అద్దం గరుకు పక్క లెన్సు వైపే ఉందో లేదో చూడండి, పగిలినప్పుడు మార్చినవాళ్లు తిరగేసి పెట్టిన సందర్భాలుంటాయి. బీరువాలోని 50 మిల్లీమీటర్ల లెన్సుకు నల్లగొట్టం చుట్టి పని మొదలుపెట్టండి. మీ ప్రింట్లు పెద్దవవుతూ, మీ కన్ను ఇంకా మెరుగైన అద్దం కోరినప్పుడు, గ్రాఫు కాగితం, గాజు ముక్క చేతబట్టుకుని వెళ్లి మంచి లూప్ కొనుక్కోండి.